గడ్డకట్టిన నాలుగు సీసాలు

"గుండె ఆగింది వదినా, అంతే. దీనికి డిటెక్టివ్ ఎందుకు? డాక్టరు సంతకం చాలు," అన్నాడు మా మరిది.

అతను పోలీస్ ఇన్‌స్పెక్టర్, మా ఆయన తమ్ముడు. నేను డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన రోజు నుంచి ఇంట్లో మరిది, బయట పగవాడు అన్నట్టే నాతో ఉంటాడు.

 లిక్విడ్ నైట్రోజన్ గది గుమ్మంలో నిలబడి, లోపల బోర్లా పడి ఉన్న మనిషిని చూస్తున్నాను. ఆ ల్యాబ్‌కి ఆయన స్టోర్ కీపర్. యాభై ఎనిమిదేళ్ళు. డైరెక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆయన బాబాయే. చేతులకి దళసరి గ్లవ్స్ అలాగే ఉన్నాయి. ఒక కాలి చెప్పు ఊడి గోడవార పడింది.

పది రోజుల క్రితం ఇదే మనిషి నా ఆఫీసులో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అమ్మా, మా ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు గడ్డకట్టాయమ్మా," అన్నాడు.

"ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టక పొంగుతాయా బాబాయ్?" అన్నాను.

నా జోకుకి నేనే నవ్వాను. ఆయన కూడా మర్యాద కోసం నవ్వాడు. అవి గడ్డకట్టకూడని సీసాలని, ఎవరో అసలుది తీసేసి వేరే ఏదో పోశారని, పైవాళ్ళకి చెబితే తన మెడకే చుట్టుకుంటుందని చెప్పబోయాడు. నాకు బయటికి వెళ్ళే తొందర. "ఊరికే అంటే ఎవరు నమ్ముతారు? ఋజువు తెచ్చుకో. ఆ ఫ్రీజర్ తలుపు ఎవరు ఎప్పుడు తీస్తున్నారో రికార్డు చేయించు. అప్పుడు చూద్దాం," అని లేచాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటే దాకా కూడా నేను చూడలేదు.

ఈ ఉదయం పదికి పావు తక్కువకి ఆయన భార్య ఫోన్ చేసింది. "మీరు చెప్పినట్టే అన్నీ రికార్డు చేయించారండీ, ఇప్పుడు మనిషే పోయారట," అని ఏడ్చేసింది. పదీ పావుకల్లా నేనిక్కడున్నాను.

"ఎన్నింటికి చూశారు?" అని మరిదిని అడిగాను.

"తొమ్మిదీ ఇరవైకి. ఎనిమిదిన్నరకి లోపలికెళ్ళాడు. పెద్ద ట్యాంకు నుంచి డబ్బాల్లోకి నైట్రోజన్ పట్టుకోవడం రోజూ ఆయన పనే. ప్రోటీన్ తయారుచేసే డాక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చి చూసింది. ట్యాంకు కుళాయి తెరిచే ఉంటే ఆవిడే కట్టేసిందట."

"నైట్రోజన్ వల్ల కాదని ఎలా తేల్చావు? దానికి వాసన లేదు, ఉక్కిరిబిక్కిరీ లేదు. గాలిని బయటికి తోసేసి ఆ చోట తను కూర్చుంటుంది. రెండుసార్లు పీలిస్తే మనిషి నిలువునా కూలిపోతాడు."

"తెలుసు వదినా. అందుకేగా పైన గాలి బయటికి లాగే ఆ ఫ్యాను, ఆక్సిజన్ తగ్గితే మోగేలా గోడకి ఆ అలారం. ఫ్యాను ఇప్పుడూ తిరుగుతోంది, డాక్టరమ్మ వచ్చినప్పుడూ తిరుగుతోంది. అలారం మోగలేదు. గాలి బాగానే ఉందన్నమాట. గాలి బాగుంటే పోయిందేమిటి? గుండె. రెండూ రెండూ నాలుగు. మీరు వచ్చి ఐదు చెయ్యకండి."

నేను ట్యాంకు ముందు వంగి చూశాను. నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు రెండు బారల మేర పెళుసెక్కి, బీటలు వారింది. నైట్రోజన్ చాలాసేపు పొర్లితే తప్ప అలా పగలదు.

"ఆవిడ వచ్చినప్పుడు ఫ్యాను తిరుగుతోంది సరే. ఈయన పడ్డప్పుడు తిరుగుతోందా?"

"మధ్యలో ఆగి, మళ్ళీ బుద్ధి తెచ్చుకుని తిరిగిందంటారా?"

అక్కడున్న కానిస్టేబుల్ నవ్వాడు. నేను పక్క గదిలోకి నడిచాను.

అది స్టోర్. డాక్టరమ్మ అక్కడే ఓ స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆవిడ తెల్లకోటు మోకాళ్ళ దగ్గర తడిసి ఉంది. బాబాయ్‌ని లేపడానికి నేల మీద కూర్చున్నప్పటి తడి. కళ్ళెత్తి నన్ను చూసి, వెంటనే దించేసుకుంది. తప్పు చేసినవాళ్ళ చూపు నాకు బాగా తెలుసు. పొద్దుట్నుంచీ కారు అద్దంలో అదే చూస్తున్నాను.

"ఈ సీసాల్లో ఉండేదేమిటమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపే చోట చిన్న సందు ఉంటుంది మేడమ్. కబురు అందుకునే అణువులన్నీ ఆ సందు అంచున నిలబడాలంటే వాటికో పరంజా కావాలి. ఆ పరంజా లాంటి ప్రోటీన్ ఇది. మనిషి జన్యువు తీసి బ్యాక్టీరియాలో పెట్టి, అందులో పండిస్తాం. శుద్ధి చేసి సీసాల్లో పోస్తాం. కేవలం పరిశోధనకి."

ఫ్రీజర్ తెరిపించాను. స్టాండులో ఇరవై నాలుగు సీసాలు, ఒక్కోటి చిటికెన వేలంత. ప్రతి దాని మీదా ప్రోటీన్ పేరు, కింద రెండు మాటలు: 'మానవ ప్రోటీన్', 'ప్రయోగశాల పరిశోధనకు మాత్రమే'.

"ఇవి గడ్డకట్టకూడదా?"

"కట్టకూడదు. సగానికి సగం గ్లిజరిన్ కలుపుతాం. ఎంత చలిలో ఉన్నా తేనెలా కదులుతూనే ఉండాలి. గడ్డకట్టిందంటే అందులో ఉన్నది నీళ్ళే."

చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమయ్యే విషయం. పది రోజుల క్రితం ఇంకో రెండు నిమిషాలు కూర్చుని ఉంటే బాబాయే చెప్పేవాడు.

ఒక్కో సీసా తీసి తలకిందులు చేశాను. నాలుగింటి మూత మీద ఎర్ర చుక్క ఉంది. బాబాయ్ పెట్టిన గుర్తు. ఆ నాలుగూ రాళ్ళే. మిగతావాటిలో చిక్కటి ద్రవం నెమ్మదిగా జారుతోంది. చివరి వరసకి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఎర్ర చుక్క లేని సీసా కదల్లేదు. దాని పక్కదీ కదల్లేదు. లెక్కపెట్టాను. చుక్క లేనివి ఆరు.

"మొన్నటిదాకా నాలుగు. ఇవాళ్టికి పది," అన్నాను.

"పదా?" డాక్టరమ్మ స్టూలు మీంచి సగం లేచి, మళ్ళీ కూలబడింది. "సరిగ్గా పదేనా మేడమ్?"

ఆ 'సరిగ్గా' అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. అడగబోయేంతలో వెనకనుంచి మరిది వచ్చాడు.

"వదినా, సీసాల గొడవ తర్వాత. అందులో చావు లేదు."

"ఉంది. ఈ ఫ్రీజర్‌కి ఈ తాళం ఎప్పుడు పెట్టారు?"

"తొమ్మిది రోజులయింది," అంది డాక్టరమ్మ. "కార్డు గీకితేనే తెరుచుకుంటుంది. ఎవరు ఎన్నింటికి తీశారో పక్కనున్న రికార్డరులో పడుతుంది. బాబాయ్ పట్టుబట్టి పెట్టించాడు. ఎవరో ఋజువు తెమ్మన్నారట."

ఆ ఎవరో నేనేనని నేను చెప్పలేదు. రికార్డరు కాగితం బయటికి లాగాను. నిమిషానికో గీత. ఎనిమిదీ నలభై ఒకటి దాకా గీతలున్నాయి. తరవాత తెల్లగా ఉంది. మళ్ళీ ఎనిమిదీ యాభై రెండు నుంచి గీతలు.

"పదకొండు నిమిషాలు ఏమయ్యాయి?"

"కాగితం ఇరుక్కుని ఉంటుంది," అన్నాడు మరిది.

నేను వరండాలోకి వెళ్ళాను. గోడకి కరెంటు పెట్టె ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది, తాళం తీసి కొక్కేనికి తగిలించి ఉంది. లోపల వరసగా మీటలు, ఏడో దాని కింద 'స్టోర్' అని రాసి ఉంది.

"అందరూ నైట్రోజన్ గది బయటే ఉండండి. కుళాయి కట్టేసి ఉందిగా? ఫ్యానుని చూడండి," అని ఏడో మీట కిందికి లాగాను.

ఫ్రీజర్ తాళం టక్కుమని వదులైంది. రికార్డరు దీపం ఆరిపోయింది. పక్క గదిలో ఫ్యాను చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. గోడ మీది అలారం దీపం కూడా ఆరిపోయింది.

"కరెంటు పోయినా అలారం బ్యాటరీ మీద పనిచెయ్యాలి. ఒకసారి ఆరిపోతే చేత్తో ఆన్ చేస్తే తప్ప మళ్ళీ మోగదు," అంది డాక్టరమ్మ.

పెట్టె పక్కనే మేకుకి రిపేర్ల పుస్తకం వేలాడుతోంది. బాబాయ్ గుండ్రటి దస్తూరీతో మూడుసార్లు రాశాడు: 'నైట్రోజన్ గది అలారం బ్యాటరీ మార్చాలి.' మూడింటి కిందా ఎలక్ట్రీషియన్ ఒకటే జవాబు రాసి సంతకం పెట్టాడు: 'రేపు.'

నేను మీట మళ్ళీ పైకి తోశాను. ఫ్యాను ఏమీ ఎరగనట్టు తిరగడం మొదలుపెట్టింది.

"ఇదీ నీ గుండె జబ్బు," అన్నాను మరిదితో. "ఎవరో తాళం రికార్డులో పడకుండా సీసాలు తియ్యాలనుకున్నారు. మీట దించారు. గోడ అవతల బాబాయ్ నైట్రోజన్ పడుతున్నాడని చూసుకోలేదు. ఫ్యాను ఆగింది, అలారం మోగలేదు. పని అయ్యాక మీట పైకెత్తి వెళ్ళిపోయారు. అరగంటలో గాలి శుభ్రమైపోయింది."

మరిది మొహం కందగడ్డలా అయింది. కానిస్టేబుల్ ఎదుట మాట పడ్డం అతనికి కొత్త. "సరే, హత్యే అనుకుందాం. అయితే ముందు దొరికేదెవరు? శవాన్ని చూసింది ఈవిడ. కుళాయి కట్టింది ఈవిడ. సీసాలు ఈవిడవి. సరిగ్గా పదేనా అని అడిగింది కూడా ఈవిడే. నేను చెవిటివాణ్ణి కాదు వదినా. పదమ్మా స్టేషన్‌కి."

డాక్టరమ్మ లేచి నిలబడింది.  రెండు చేతులూ ముందుకు చాపింది. అది చూసి నాకు భయమేసింది.

"ఆగు. ఈవిడకి కార్డుంది. ఈ సీసాలు ఈవిడే తయారుచేసింది. కావాలంటే దర్జాగా తీసుకోవచ్చు. మీట దించే ఖర్మ ఈవిడకేం పట్టింది? ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఫ్యూజన్న దగ్గర," అన్నాడు కానిస్టేబుల్, అప్పటికే అందర్నీ విచారించినవాడు. "ఎలక్ట్రీషియన్‌ని ఇక్కడ అలాగే పిలుస్తారు మేడమ్. పొద్దున వచ్చాడు. ఎనిమిదీ యాభై ఎనిమిదికి గేటు దగ్గర పుస్తకంలో రాసి వెళ్ళిపోయాడు. పాపకి ఒంట్లో బాలేదని."

డాక్టరమ్మ గొంతులోంచి వింత చప్పుడొకటి వచ్చింది.

నేను ఆవిడ రెండు భుజాలూ పట్టుకున్నాను. "పది సీసాలు. ఆ లెక్క మీకెలా తెలుసు?"

"నేనే చెప్పాను." ఆవిడ మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "వాళ్ళ పాపకి ఆరేళ్ళు మేడమ్. ఇంతవరకూ ఒక్క మాట లేదు. ఆసుపత్రిలో పరీక్ష చేయించి, కాగితం నాకు చూపించాడు. ఏ జన్యువు విరిగిందో అందులో రాసుంది. అదీ ఈ సీసా మీది పేరూ ఒకటే. నేను ఈ సీసా వెలుతురులో పెట్టి చూపించి, 'మీ పాపలో లేనిది ఇదే అన్నా' అన్నాను. పాపం, ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. ఎప్పటికైనా మందవుతుందా అన్నాడు. కావచ్చన్నాను. ఎలుకలకి ఎంత ఇస్తారు, పద్దెనిమిది కిలోల పిల్లకైతే ఎంతవుతుంది అని అడిగాడు. ఊరికే తెలుసుకోవాలని అడిగాడనుకుని, టీ తాగుతూ లెక్క వేసి చెప్పాను. పది సీసాలు అని. సగం ఇచ్చి, రెండు గంటలాగి మిగతా సగం అని."

"ఇస్తే ఏమవుతుంది?"

"ఎలుకలకి మేం నేరుగా మెదడులోకి, సన్నటి సూదితో ఇస్తాం. ఇతను చేతికి పొడుస్తాడు. అది మెదడు దాకా పోనే పోదు. అదొక్కటే అయితే ఫరవాలేదు." ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది బ్యాక్టీరియాలో పండించింది. దాని విషం ఇందులో కొంచెం మిగిలే ఉంటుంది. ఎలుకలు తట్టుకుంటాయి. మనిషి తట్టుకోడు. గంట, గంటన్నరలో చలి, జ్వరం. తర్వాత రక్తపోటు పడిపోతుంది. పసిపిల్ల మేడమ్."

"నాలుగు సీసాలు పోయాయని మీకు ముందే తెలుసా?"

ఆవిడ తల దించుకుంది. "బాబాయ్ నాకే ముందు చెప్పాడు. ఫ్యూజన్నే అయి ఉంటాడని అనుమానం వచ్చింది. చెబితే అతని ఉద్యోగం పోతుంది, నా మాట బయటపడుతుంది. 'గ్లిజరిన్ మర్చిపోయి ఉంటాను బాబాయ్' అని అబద్ధం చెప్పాను. నమ్మలేదు. అందుకే బయటి మనిషి దగ్గరికి వెళ్ళాడు."

ఆ బయటి మనిషిని ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

"అతని నంబరు?"

"నా ఫోన్‌లో. అది... సార్ దగ్గరుంది."

మరిది వచ్చీరాగానే అందరి ఫోన్లూ లాక్కుని, మోగకుండా చేసి, ఒక ట్రేలో వేయించాడు. నేను పరుగున వెళ్ళి డాక్టరమ్మ ఫోన్ బయటికి తీశాను. తెర మీద రెండు పిలుపులున్నాయి. పదకొండూ ఐదుకి ఒకటి, పదకొండూ పన్నెండుకి ఒకటి. రెండూ ఫ్యూజన్నవే. ఇప్పుడు టైము పదకొండున్నర.

నేను ఫోన్ మరిది మొహం ముందు పెట్టాను.   అతనికీ ఇద్దరు ఆడపిల్లలు.

డాక్టరమ్మ నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"డాక్టరమ్మా! ఎక్కడున్నారమ్మా, ఎన్నిసార్లు చేశాను! పాపకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, వణుకుతోంది. జ్వరం వచ్చిందంటే పనిచేస్తున్నట్టేగా?"

"అన్నా, ఎన్నింటికి ఇచ్చావు?" అంది ఆవిడ.

"తొమ్మిదీ నలభై అయిదుకి. ఐదు సీసాలు. మీరు చెప్పినట్టే. ఇంట్లో అయితే ఎవరైనా వస్తారని పాపని వేరే చోటికి తెచ్చాను. మిగతా ఐదూ సిరంజిలోకి ఎక్కించి పెట్టుకున్నాను. పదకొండూ నలభై అయిదుకి ఇచ్చేస్తాను." గొంతు తగ్గించాడు. "నా మీద కోపం లేదుగా అమ్మా? దొంగతనమే. కాదనను. పాప బాగుపడ్డాక మీ కాళ్ళ మీద, బాబాయ్ కాళ్ళ మీద పడతాను. ఆ ముసలాయన్ని పది రోజులు నిద్రపోనివ్వలేదు నేను."

అతనికి తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను.

"అన్నా, ఆ రెండోది ఇవ్వకు. అది మందు కాదు. వెంటనే పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఎక్కడున్నావో చెప్పు, మేమే వస్తాం."

"ఇవ్వొద్దా?" అతను నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. "ఇందాక ఏమైందో తెలుసా అమ్మా? నా వేలు పట్టుకుని 'నా' అంది. ఆరేళ్ళలో మొదటిసారి. 'నా' అని సాగదీసింది. ఇంకొక్క అక్షరమేగా అమ్మా? ఇప్పుడు ఆపమంటారా?"

డాక్టరమ్మ ఫోన్ ఇంకా దగ్గరికి లాక్కుంది.  ఫోన్‌లో, అతని గొంతు వెనకాల, పసిపళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. మధ్యమధ్య చిన్న మూలుగు. అది మాట కాదు. కానీ ఆ మాట ఆ తండ్రితో ఎవరనగలరు?

అంతలో మరిది ముందుకు దూకి ఫోన్ లాక్కున్నాడు. "పోలీస్! ఒరేయ్, ఎక్కడున్నావురా నువ్వు? మర్యాదగా చెప్పు!"

అవతల పళ్ళ చప్పుడొక్కటే.

నేను అతని చేతిలోంచి ఫోన్ ఊడలాక్కున్నాను. జీవితంలో మొదటిసారి మా మరిది చెయ్యి మీద కొట్టాను. "నాయనా, పెట్టెయ్యకు. నేను పోలీసు కాదు. నీ మీద కేసులేదు, ఏమీ లేదు. పాప ఒక్కటే ముఖ్యం."

"అయితే ఇదా సంగతి." ఫ్యూజన్న గొంతు మారిపోయింది. చల్లగా, దూరంగా ఉంది. "సీసాల కోసం పోలీసుల్ని పెట్టుకుని, నా చేత ఆపించాలని చూస్తున్నారు. డాక్టరమ్మ చేత కూడా అబద్ధం చెప్పిస్తున్నారు."

"అబద్ధం కాదన్నా!" డాక్టరమ్మ అరిచింది.

"నిన్నటిదాకా మందవుతుందన్నారు. ఇవాళ విషమంటున్నారు. ఏది నమ్మను?" కాసేపు ఊపిరి చప్పుడు. "బాబాయ్‌కి ఇవ్వండి ఫోను. ఆయన నాతో ఏనాడూ అబద్ధమాడలేదు. ఆయనే సొంత నోటితో ఆపమంటే ఆపేస్తాను. ఎక్కడున్నానో కూడా చెప్తాను. ఇంకెవరి మాటా నాకొద్దు."

గడియారం పదకొండూ ముప్పై తొమ్మిది చూపిస్తోంది.

మరిది నా వైపు చూశాడు. ఆ చూపులో పోలీసు లేడు. "వదినా, ఏం చెప్తారు?" అన్నాడు పెదవులతోనే. నిజం చెబితే, తన చేతి మీద ఒక చావుందని తెలిసిన మనిషి ఆ సిరంజి పట్టుకుని ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఆరు నిమిషాలు.

అప్పుడే తెరిచి ఉన్న తలుపు ముందునుంచి స్ట్రెచర్ వెళ్ళింది. దుప్పటి కప్పారు. ఒక చక్రం కిర్రుమంటోంది. డాక్టరమ్మ తన కోటు నోట్లో కుక్కుకుంది.

చక్రం చప్పుడు వరండా మలుపు తిరిగే దాకా ఫోన్ నా అరచేత్తో మూసి పట్టుకున్నాను. తర్వాత చెవికి ఆనించుకున్నాను.

"ఉండు నాయనా," అన్నాను. "బాబాయ్‌ని పిలుస్తున్నాను."